కాదన్న గిన్నె

ఎలీషా ఏ గిన్నెనూ కొట్టి చూడకుండా వదలడు. కొనేదైనా, కొననిదైనా, ఎదుటివాడు అందులో అన్నం తింటున్నా సరే. చూపుడు వేలు మడిచి ఠంగున ఒక్కటి కొట్టి, కళ్ళు మూసుకుని వింటాడు. తర్వాత తల అడ్డంగా ఊపి "కాదు" అంటాడు. బొబ్బిలిలో ఆయన చేత కాదనిపించుకోని గిన్నె లేదు.

చర్చిలో పాటలు పాడించే మనిషి, చెవి అలాంటిది కాబోలని ఊరు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆయన భార్య జ్ఞానసుందరి. పాత సామాన్ల కొట్లో కంచు గిన్నె కనబడితే చాలు, ఎలీషా కొడతాడు. కాస్త దగ్గరగా పలికితే కొంటాడు. ఇంటికొచ్చి మళ్ళీ కొట్టి "కాదు" అంటాడు. ఆ కాదన్నవన్నీ ఆమె అటక మీదికే చేరతాయి. ఒకదాన్ని పెరట్లో కోళ్ళు నీళ్ళకి వాడుకుంటున్నాయి.

"ఏటి బావా ఇది? అటక కూలి నా నెత్తిన పడితేగానీ నీకు తెలీదా?" అనేది జ్ఞానసుందరి. ఎలీషా ఆమెకి మేనమామ కొడుకు. మనవలు పుట్టినా పిలుపు మారలేదు.

"గొంతు లేని గిన్నెలో కూరకి రుచి రాదు సుందరీ."

"గొంతున్న ఆడదాని కూరకి వస్తాదా?"

"వస్తాది. రోజూ వింటన్నాను కదా."

ఒకసారి కొత్తవలసలో పెళ్ళి విందుకి వెళ్ళారు. పాస్టరుగారి ముందు పెళ్ళికూతురి ముత్తాత నాటి కంచు పళ్ళెం పెట్టారు. కొత్త దంపతులు కలకాలం చల్లగా ఉండాలని ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారు. ఠంగుమంది. అందరూ "ఆమేన్" అనవలసిన చోట ఎలీషా గొంతు స్పష్టంగా "కాదు" అంది. పెళ్ళికూతురి తల్లి ఆ తర్వాత ఆయనకి పెరుగు వడ్డించలేదు.

జ్ఞానసుందరికి మాత్రం గిన్నె అంటే లోకంలో ఒకటే, కళింగపట్నంలో వాళ్ళమ్మ గిన్నె. బుడితిలో పోత పోసిన కంచు. అమ్మ పిల్లల్ని పేరు పెట్టి పిలిచేది కాదు. కుండలో ఉడికిన పప్పుని ఆ గిన్నెలోకి వంచి, గరిటెతో అంచు మీద ఒక్కటి కొట్టేది. ఇసకలో ఆడుతున్న సుందరి, చెల్లెలు రూబీ, ఆ ఇంట్లోనే పెరిగిన ఎలీషా ముగ్గురూ పరుగు. చేతులు కడుక్కోకపోతే అమ్మ వడ్డించదు. అమ్మ పోయాక వదిన ఆ గిన్నెని స్టీలు బిందెకి మార్చేసింది. వెలితి ఎంతకీ తీరలేదు. సుందరికి ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే చెవులు ఆ మోత కోసమే వెతుకుతాయి. "ఒక్కపాలి వింటే సాలు బావా" అని ఎప్పుడో ఓ క్రిస్మస్ నాడు అంది. ఎలీషా మజ్జిగ పోసుకున్నాడు. మగవాళ్ళకి ఇవేం పడతాయిలే అనుకుని ఆమె ఊరుకుంది.

రెండువేల పదహారు వేసవిలో ఆమెకి ఓపిక చచ్చింది. పాత సామాన్లవాణ్ణి మధ్యాహ్నం రమ్మని కబురు పెట్టింది. ఎలీషా గొడవ పడతాడనుకుంది.

"ఇచ్చీయ్ సుందరీ. నాకింక దొరకదులే" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

వంటింటి నిండా గిన్నెల కుప్ప. కుక్కర్లో పప్పు ఉడికింది గానీ రోజూ పోసే గిన్నె ఆ కుప్పలో ఎక్కడో పడిపోయింది. చేతికందిన గిన్నెలోకి వంచేసింది. పొద్దుటే చింతపండేసి తోమిన కోళ్ళ గిన్నె అది. గరిటెకి అంటిన పప్పు దులపడానికి అంచు మీద ఒక్కటి కొట్టింది.

"వస్తన్నానమ్మా" అంది జ్ఞానసుందరి.

అనేశాక, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెరట్లోంచి ఎలీషా ఒంటికాలి చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు. అరచేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. కడుక్కునే వచ్చాడు.

"ఏ గిన్నె అది?"

"కోళ్ళ గిన్నె బావా."

ఎలీషా పీట మీద కూలబడ్డాడు. "పప్పు పడితే గిన్నె గొంతు దిగుతాది. అత్త పప్పు పోశాకే కదా కొట్టేది. నేను ఇన్నాళ్ళూ ఖాళీవి కొట్టి కాదంటన్నాను."

జ్ఞానసుందరికి ఆ కాదులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"నా కోసమా బావా?"

"మరి కోళ్ళ కోసమా?"

వీధిలోంచి పాత సామాన్లవాడు కేకేశాడు. "ఏటీ లేవు నాయనా, వెళ్ళిరా" అని చెప్పి ఆమె తలుపు వేసేసింది. ఆ పూట ఇద్దరూ తిన్నదానికన్నా గిన్నె అంచు మీద కొట్టిందే ఎక్కువ.

మళ్ళీ వారం ఎలీషా సంచి భుజాన వేసుకున్నాడు.

"దొరికింది కదా, ఇంకెక్కడికి?"

"రూబీ కూడా ఆ మోతకే పరుగెత్తింది కదా. దానికొకటి సూడాలి."

జ్ఞానసుందరి ఈసారి తిట్టలేదు. లోపలికి వెళ్ళి, క్యాను నిండా వేడి పప్పు పోసి తెచ్చి ఆయన సంచిలో పెట్టింది.

"ఖాళీవి కొట్టకు" అంది.