తీసేసిన కోచ్ ఇంటికి పరామర్శకు వెళ్లాం

సహోదరులారా, కన్నీళ్లతో సాక్ష్యం చెప్పడం నాకు చేతకాదు, మా సంఘంలో అందరికీ ఆ సంగతి తెలుసు, లేచి నిలబడితే రెండు ముక్కలు చెప్పి కూర్చునే మనిషిని, కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను, మహిమ దేవునికి రావాలి గాని నా మాటకారితనానికి కాదు. మూడేళ్లపాటు ప్రతి శనివారం నా కడుపు మండేది. పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా ముద్ద దిగేది కాదు. డాక్టర్ గొట్టం వేసి చూసి లోపల ఏమీ లేదన్నాడు, మాత్రలు రాశాడు, మాత్రలు వాడాను, మళ్లీ శనివారం వస్తే మళ్లీ అదే మంట. అది జబ్బు కాదు, భయం. ఫుట్‌బాల్ భయం.

నవ్వకండి. అమెరికాలో షామ్‌బర్గ్‌కి గంటన్నర దూరంలో ఒక చిన్న ఊరుంది, ఆ ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీ ఉంది, నేను అక్కడ మాస్టర్స్ చదివి అక్కడే ఫుట్‌బాల్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. అది కాలితో తన్నే ఆట కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట, నేనేమో బాపట్లలో క్రికెట్ కూడా సరిగ్గా ఆడనివాడిని. నా పని ఆడటం కాదు లెండి, శనివారం మ్యాచ్‌ని పైనుంచి కెమెరాతో తీసి, కోచ్‌లు తప్పొప్పులు చూసుకోవడానికి వీలుగా ముక్కలు చేసి కంప్యూటర్‌లో పెట్టడం. పని బాగానే ఉండేది. చిక్కు ఎక్కడంటే, అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేస్తే ఆయన ఒక్కడే పోడు, ఆయన పెట్టుకున్న వాళ్లంతా పోతారు, కొత్తగా వచ్చే ఆయన తన మనుషుల్ని తాను తెచ్చుకుంటాడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, పద్ధతే అది. నా వీసా ఆ ఉద్యోగం మీద ఉంది, గ్రీన్ కార్డ్ సంగతి సగంలో ఉంది, రిసెషన్ వచ్చి బయట ఉద్యోగాలు లేవు, మా జట్టేమో ఓడిపోతూ ఉంది. అంటే ఎవరో కాలేజీ పిల్లవాడు బంతి జారవిడిస్తే నేనూ, నా భార్య సుశీల, మా పాప సామాను సర్దుకోవాలన్నమాట.

అందుకని ప్రతి ఆదివారం షామ్‌బర్గ్‌లో మా తెలుగు సంఘానికి వెళ్లి, ప్రార్థన అవసరతలు చెప్పే సమయంలో లేచి, వచ్చే శనివారం మా జట్టు గెలవాలి అని చెప్పేవాడిని. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని పెద్దవాళ్లు మోకాళ్లూని ప్రార్థించారు, దానికోసం ఉపవాసం కూడా ఉన్నారు, వాళ్లకు నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. వాళ్లలో సువార్తమ్మ గారని ఒక పెద్దావిడ, తెనాలి వైపు మనిషి, కొడుకూ కోడలి దగ్గర ఉంటారు, ఇంగ్లీషు రాదు. ఆవిడ ప్రార్థన ఇలా ఉండేది: "ప్రభువా, మా విజయ్ వాళ్ల పిల్లలు గెలవాలి తండ్రీ, అవతలి పిల్లలకి దెబ్బలు తగలకూడదు తండ్రీ." ఒక ఆదివారం ప్రార్థన మధ్యలోనే ఆగి, కళ్లు తెరిచి నన్నడిగారు.

"అవతలి జట్టుకీ ఒక కోచ్ ఉంటాడుగా బాబూ? ఆయన పెళ్లాం కూడా ఇట్టాగే అడుగుతా ఉంటదిగా? మరి దేవుడు ఎవరి మాట వినాల?"

ఆ తరువాత ఆవిడ గెలుపు సంగతి వదిలేసి నా కడుపు గురించే ప్రార్థించారు. నాకు లోలోపల కోపం వచ్చింది, జట్టు గెలిస్తే కడుపులో మంట అదే తగ్గుతుంది గదా, ఈవిడకు ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

జట్టు గెలవలేదు. చివరి మ్యాచ్ కూడా పోయింది. సోమవారం పొద్దున అథ్లెటిక్ డైరెక్టర్, కోచ్‌లను పెట్టేదీ తీసేదీ ఆయనే, మా కోచ్ డెల్‌మర్‌ని పిలిచి చెప్పేశాడు. మధ్యాహ్నానికి గోడ మీద కోచ్ ఫోటో లేదు, సాయంత్రానికి ఆ ఆఫీసులో ఆయన పేరెత్తేవాళ్లు లేరు. అందరం ఆయన పెట్టిన ఉద్యోగాలు చేస్తున్నవాళ్లమే, ఒక్కరమూ ఫోన్ చేయలేదు. అసిస్టెంట్ కోచ్ ఒకాయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు: "విజయ్, ఆ ఇంటి వైపు వెళ్లకు. డైరెక్టర్ ఇల్లు సరిగ్గా ఎదురుగా ఉంది. ఎవరిని ఉంచుకోవాలో కొత్త కోచ్ ఆయన్నే అడుగుతాడు. పాత కోచ్ మనిషివని ముద్ర పడితే నీ పని అంతే." నా మేలు కోరే చెప్పాడు, నేను సరేనన్నాను.

ఆదివారం సంఘంలో కొత్త అవసరత చెప్పాను, రాబోయే కోచ్ నన్ను ఉంచుకోవాలని. సువార్తమ్మ గారు ప్రార్థన మొదలుపెట్టలేదు.

"ఆ పాతాయన్ని చూసొచ్చావా బాబూ?"

"లేదండీ. ఇక్కడ ఎవరూ వెళ్లరు."

"ఉద్యోగం పోయిన ఇంటికి ఎవరూ పోరా? మరి వాళ్లకి అన్నం ఎవరు తీసకపోతారు?"

"వాళ్లకి తిండికి లోటు లేదండీ."

"లోటని నేనన్నానా? శనివారం పోదాం. అడ్రస్ మా అబ్బాయికి పంపు."

"ఎదురింట్లోనే డైరెక్టర్ ఉంటాడండీ, చూశాడంటే నన్ను కూడా తీసేస్తాడు."

"చూడనీ. మనమేమన్నా దొంగతనానికి పోతన్నామా?"

ఆ వారమంతా శనివారం ఎప్పుడొస్తుందా అని కాదు, ఎందుకొస్తుందా అని భయపడ్డాను. అడ్రస్ పంపించి మనం ఇంట్లో ఉండిపోదామా అని సుశీలని అడిగితే, "ఇంగ్లీషు రాని ఆవిడ ముక్కూ మొహం తెలియని ఇంటి తలుపు తట్టి ఏం చెబుతుంది, నువ్వు లేకుండా?" అంది. అదీ నిజమే. శనివారం మా కారు ఆ వీధి మలుపు దగ్గరికి వచ్చినప్పుడు నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, ఈ కారు వెనక్కి తిరగకుండా నువ్వే పట్టుకో, నా వల్ల కావడం లేదు." కారు వెనక్కి తిరగలేదు, స్తోత్రం.

మంచు పడుతోంది. సంఘం వాళ్ల వ్యాన్లు రెండు, మా కారు, చిన్నా పెద్దా కలిసి పదిమంది పైనే ఉన్నాం, పలావు గిన్నె ఒకరి చేతిలో, కారం తగ్గించి వండిన కోడికూర ఒకరి చేతిలో, పెరుగుపచ్చడి ఒకరి చేతిలో. ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులూ బూట్లూ వసారాలో వరసగా విడిచారు. కోచ్ భార్య పాటీ తలుపు తీసి మమ్మల్ని చూసి, గిన్నెలు చూసి, ఏమీ అర్థం కాకపోయినా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. లోపలికి వెళ్లి కూర్చున్నాం. మన ఊళ్లల్లో పరామర్శకు వెళ్లినప్పుడు కూర్చున్నట్టే, ఆ ఇద్దరి చుట్టూ చేరి. మైదానంలో ఆ చివరి నుంచి అరిస్తే ఈ చివర కెమెరా దగ్గర నాకు వినిపించే మనిషి, తల వంచుకుని సోఫాలో కూర్చున్నాడు. సువార్తమ్మ గారు పాటీ చెయ్యి పట్టుకుని తెలుగులో ప్రార్థించారు. ఏమంటున్నారని కోచ్ నన్నడిగితే చెప్పాను: "పోయింది పనే తండ్రీ, మనిషి ఉన్నాడు, అందుకు నీకు స్తోత్రం." ఆయన ఏడ్చాడు. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను.

తిరిగితే కిటికీలోంచి డైరెక్టర్ కనిపించాడు. వీధి దాటి వచ్చి, వసారాలో నిలబడి, ఆ చెప్పుల వరస చూస్తున్నాడు. తరువాత వంగి, తన బూట్ల తాళ్లు విప్పుకుని, వాటిని కూడా ఆ వరసలో పెట్టి, మేజోళ్లతో లోపలికి వచ్చి, నెమ్మదిగా అడిగాడు, "ఇంట్లో ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు కోచ్. "నా ఉద్యోగం పోయిందని వచ్చారు."

ఈయన ఎవరని సువార్తమ్మ గారు నన్నడిగారు. "కోచ్‌ని తీసేసింది ఈయనేనండీ," అన్నాను. ఆవిడ ఆయన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, ప్లేటులో పలావు పెట్టి నా చేతికిచ్చారు. "తినమను. చలిలో వచ్చాడు." నేను ఆ ప్లేటు పట్టుకుని డైరెక్టర్ ఎదురుగా నిలబడి, నన్ను ఆ ఇంట్లో ఆయన కళ్లారా చూస్తుండగా, కడుపులో మంట ఇప్పుడు మొదలవుతుంది, ఇప్పుడు మొదలవుతుంది అని ఎదురుచూశాను, సహోదరులారా, అది రాలేదు. ఆయన తిన్నాడు. నేనూ పెట్టుకుని తిన్నాను. శనివారం పూట అన్నం తింటున్నానన్న సంగతి సుశీల గుర్తు చేసేదాకా నాకు తట్టలేదు.

కొత్త కోచ్ వచ్చాడు, తన మనిషిని తెచ్చుకున్నాడు, నన్ను మర్యాదగానే తీసేశాడు. వేసవి దాకా గడువిచ్చారు. గడువు తీరకముందే అదే యూనివర్సిటీలో క్లాసు పాఠాలు రికార్డు చేసే విభాగంలోకి నన్ను తీసుకున్నారు, వీసా నిలిచింది. డైరెక్టర్ ఎవరికైనా ఒక మాట చెప్పాడేమో నాకు తెలియదు, నేను అడగలేదు. అయితే నా సాక్ష్యం ఆ ఉద్యోగం కాదు. ఆ ఉద్యోగం రాకముందే, ఉన్నది పోయిన రోజు సాయంత్రం, నేను ఇంటికి వచ్చి కడుపునిండా అన్నం తిన్నాను, అదీ నా సాక్ష్యం.

మొన్న చలికాలంలో ఆ కొత్త కోచ్‌ని కూడా తీసేశారు. కబురు తెలియగానే సువార్తమ్మ గారికి ఫోన్ చేశాను. ఆవిడ అడిగింది ఒకటే.

"ఇంట్లో ఎంతమంది బాబూ?"

శనివారం గిన్నెలతో వెళ్లాం. మేము వెళ్లేసరికి ఆ ఇంటి వసారాలో అప్పటికే ఒక జత బూట్లు విడిచి ఉన్నాయి, తాళ్లు విప్పి, గోడవారగా, పద్ధతిగా. నేను ఎరిగినవే. వాటి పక్కన మావి విడిచాం.

భయంతో ముద్ద దిగనివాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మీరు వెళ్లడానికి జంకుతున్న ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ప్రభువును నమ్మి ఆ ఇంటికి వెళ్లండి, మీకంటే ముందే ఆయన అక్కడికి చేరి ఉంటాడు. నన్ను విడిపించిన ఆయనకే మహిమ. ఆమేన్.