స్టాంపు లేని చీటీలు

ఆ విశ్వవిద్యాలయంలో చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా మొదలుకాని వాళ్లు వచ్చి కూర్చునే గది ఒకటి ఉంది. మూడో అంతస్తులో, జిరాక్స్ గదికీ మెట్లకీ మధ్య. తలుపు మీద "ఉపాధి మార్గదర్శక విభాగం" అని పెద్ద బోర్డే ఉంది కానీ, ఆ పేరు చెప్పి అడిగితే వాచ్‌మన్ బుర్ర గోక్కుంటాడు. "ఉద్యోగాల మేడం గది" అనాలి. అప్పుడు చెయ్యి పైకి చూపిస్తాడు. చూపించి, "లిఫ్ట్ పనిచెయ్యదు, నడవండి" అంటాడు. రెండు నెలలుగా అదే పాట.

ఉద్యోగాల మేడంకి యాభై ఒక్కేళ్లు. ఆవిడ కుడి మోకాలికి ఇంకో పదేళ్లు ఎక్కువే ఉంటాయి. ఇరవై ఆరేళ్ల కిందట, ప్రసవానికి వెళ్లిన టైపిస్టు బదులు మూడు నెలల కోసం వచ్చి ఈ క్యాంపస్‌లో కూర్చుంది. ఆ టైపిస్టు తిరిగి రాలేదు, ఈవిడని పొమ్మనడం ఎవరికీ గుర్తు రాలేదు. అలా పరీక్షల విభాగం, అక్కణ్ణించి హాస్టల్ ఆఫీసు, చివరికి ఈ గది. ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. అది ఆవిడా, ఆవిడ భర్తా తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ జన్మలో ఒక్క ఇంటర్వ్యూకి కూడా వెళ్లలేదు. ఇంటర్వ్యూకి ఎలా వెళ్లాలో మాత్రం పదకొండేళ్లుగా ఊళ్లో పిల్లలందరికీ నేర్పుతోంది.

నేర్పడంలో వంక పెట్టడానికి లేదు. ఫైలు ఎడంచేతిలో ఉండాలి. కూర్చోమన్నాకే కూర్చోవాలి, కుర్చీ ఈడ్చకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన పాఠం చివర్లో వచ్చేది. అప్పుడు ఆవిడ లేచి నిలబడేది.

"తెలియదు అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. అర్థమైందా? వాళ్లేం అడిగినా తల ఊపండి. 'సరేనండి, చూస్తానండి, నేర్చుకుంటానండి.' ఈ మూడింట్లో ఏదో ఒకటి అనండి. ముందు లోపలికి వెళ్లి పడండి, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం."

తర్వాత సంగతి ఎవరూ చూసుకోలేదు. అదే మన కథ.

ఆ గదిలో రెండేళ్లు పాతుకుపోయిన ఒక అమ్మాయి ఉండేది. వృక్షశాస్త్రం చదివింది. నలభై ఒక్క చోట్ల దరఖాస్తు పెట్టింది. వచ్చిన కొత్తలో ఏది అడిగినా "ఏమో మేడం" అనేది. నీ గురించి చెప్పమ్మా అంటే "ఏమో మేడం". నీకు ఏ పని ఇష్టం అంటే కాసేపు ఫ్యాను వంక చూసి, "ఏమో మేడం". ఆ "ఏమో"ని వదిలించేసరికి మేడంకి తల ప్రాణం తోకకొచ్చింది. అయిదు నెలలు పట్టింది. వదిలిందో లేదో దాని స్థానంలోకి "సరేనండి" వచ్చి కూర్చుంది. జిరాక్స్ అతను ఆ అమ్మాయికి ఆ పేరే ఖాయం చేశాడు. "మేడం, సరేనండి వచ్చింది" అని కేకేసేవాడు.

సరేనండికి చివరికి ఉద్యోగం వచ్చింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో, ఫిర్యాదుల డెస్కులో. ఆ రోజు మేడం జిరాక్స్ మిషను వెనక నిలబడి కళ్లు తుడుచుకుంది. కళ్లలో ఇంకు పొడి పడిందని చెప్పింది.

చేరిన పిల్లలకి ప్రతి గురువారం మధ్యాహ్నం ఫోన్ చెయ్యడం ఆవిడకి అలవాటు. అలవాటే కాదు, అవసరం కూడా. ఉద్యోగం పర్మనెంట్ అయినట్టు లెటర్ చేతికొస్తేనే ఆ విద్యార్థి యూనివర్సిటీ లెక్కలోకి వస్తాడు. ఈ ఏడాది నలభై మంది కావాలి, లేకపోతే ఈ గదిని లైబ్రరీలో కలిపేసి, మిమ్మల్ని మళ్లీ పరీక్షల విభాగానికి పంపిస్తాం అని డీన్‌గారు ఎంతో మర్యాదగా చెప్పారు. ముప్పై తొమ్మిది మంది అయ్యారు. నలభయ్యోది సరేనండి. ఏడాది లెక్క మూసే ఈ నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

అందుకే ఆ గురువారం మేడం గొంతు పాకంలా ఉంది.

"ఏమ్మాయ్, సోమవారం లెటర్ ఇస్తున్నార్ట కదా! మీ మేనేజరే ఫోన్ చేసి చెప్పాడు. నీ టేబుల్ అంత శుభ్రంగా ఉన్న టేబుల్ ఆయన సర్వీసులోనే చూళ్లేదట!"

అటువైపు ఏదో బీరువా తలుపు మూసిన చప్పుడు.

"వినపడుతోందా?"

"మేడం, నేను మానేస్తానండి."

మేడం కుర్చీలోంచి లేచింది. "ఏమైంది? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదండి. అందరూ మంచోళ్లండి. సోమవారం కొత్తగా ఇద్దరు చేరుతున్నారండి. వాళ్లకి నన్ను పని నేర్పమన్నారు."

"నేర్పు మరి!"

"నాకు రాదండి."

"ఏది రాదు?"

"పనండి."

మేడం ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది, ఆ చెవికైనా మంచిమాట వినపడుతుందేమోనని. "డెబ్భై ఎనిమిది రోజుల్నించి చేస్తున్నావు కదే!"

"చేస్తున్నానండి. ఏం చేస్తున్నానో తెలీదండి."

మర్నాడు పొద్దున చెప్పులు వేసుకుంటుంటే, బస్సు డిపోలో టైమ్‌కీపర్ అయిన భర్త సంగతంతా విని, షర్టు బొత్తాలు పెట్టుకుంటూ అన్నాడు: "మా దగ్గర కొత్త డ్రైవరు దారి తెలీకపోతే బస్సు పక్కన ఆపి అడుగుతాడు. నీ శిష్యురాలు డెబ్భై ఎనిమిది రోజులు నడిపేసిందన్నమాట."

"మీ ఎకసెక్కాలకి ఇదా టైము?"

"ఎకసెక్కం కాదే. అడగొద్దని ఎవరు చెప్పారో కనుక్కో, అంటున్నా."

మేడం చెప్పు తప్పు కాలికి వేసుకుని, తీసి, మళ్లీ వేసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయింది.

లిఫ్టుల కంపెనీ ఒక పాత గోడౌన్‌లో ఉంది. కింద మోటార్లు, తీగలు, గ్రీజు వాసన, పైన గాజు గదుల్లో ఆఫీసు. భోజనాల వేళ చూసుకుని వెళ్లింది. సరేనండి ఒక్కతే ఉంది. టేబుల్ నిజంగానే అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఒక్క పెన్ను తప్ప ఏమీ లేదు.

"ముందు కూర్చో. అసలు నీ పనేంటో చెప్పు."

పని ఇదీ. పొద్దున్నే ఫిర్యాదుల చీటీల కట్ట వస్తుంది. ఎర్ర స్టాంపు ఉంటే ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నట్టు, వెంటనే మెకానిక్‌ని పంపాలి. నీలం స్టాంపు ఉంటే ఏడాది ఒప్పందం ఉన్నవాళ్లు, వరసలో పంపాలి. ఈ రెండూ అమ్మాయి తు.చ. తప్పకుండా చేస్తోంది. మొదటి రోజు మేనేజర్ ఈ రెండూ చెప్పి, వాచీ చూసుకుని, "మిగతావి మామూలుగా చూసుకో" అని వెళ్లిపోయాడు.

"మామూలుగా అంటే?" అంది మేడం.

"అదే తెలీదండి."

"అడగలేదా?"

అమ్మాయి ఆవిడ మొహం వంక చూసింది. చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "సరేనండి అన్నానండి."

"మరి ఆ చీటీలు?"

అమ్మాయి లేచి, మూలనున్న ఇనప బీరువా తలుపు తీసింది. స్టాంపు లేని చీటీలన్నీ అందులో ఉన్నాయి. నెలవారీగా, తారీఖువారీగా, దారం గుచ్చి, రంగు కాగితాలు అంటించి. మందుల షాపులో కూడా అంత పొందిక ఉండదు. మళ్లీ మళ్లీ ఫిర్యాదు చేసినవాళ్ల చీటీలు ఒకదాని కింద ఒకటి పిన్ను కొట్టి ఉన్నాయి. మొత్తం నూట పన్నెండు.

మేడం ఒక కట్ట చేతిలోకి తీసుకుంది. "తలుపు కిర్రుమంటోంది." "లోపల లైటు లేదు." "నాలుగు నొక్కితే మూడులో ఆగుతోంది." తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగింది. విశ్వవిద్యాలయం, ప్రధాన భవనం, లిఫ్ట్ కదలడం లేదు, మోకాళ్ల నొప్పులవారు ఇబ్బంది పడుతున్నారు, దయచేసి త్వరగా. దాని కింద సంతకం ఎవరిదో చదవక్కర్లేకపోయింది. తనదే. యూనివర్సిటీ ఆఫీసులో రాసిచ్చింది, అది ఏ కంపెనీకి వెళ్తుందో ఎప్పుడూ అడగలేదు. అలాంటివే ఇంకో మూడు దాని వెనక వేలాడుతున్నాయి.

"ఇది చూశావా నువ్వు?"

"చూశానండి. మన లిఫ్టే అనుకున్నా. మిమ్మల్ని అడుగుదామనిపించింది."

"అడిగి చావలేకపోయావా!"

"గురువారం గురువారం మీరు ఫోన్‌లో ఎంతో సంతోషంగా ఉంటారు మేడం."

మేడంకి ఒళ్లు మండిపోయింది. అమ్మాయి మీదా, మేనేజర్ మీదా, డీన్ మీదా, నలభై అనే అంకె మీదా. అడుగున ఎక్కడో తన మీద కూడా ఉంది కానీ అక్కడిదాకా వెళ్లడానికి ఇంకా సిద్ధంగా లేదు. అందుకని పదకొండేళ్ల అలవాటు కొద్దీ ఒక సలహా ఇచ్చింది. గొంతు తగ్గించి, ద్వారం వంక చూస్తూ మరీ ఇచ్చింది.

"చూడు తల్లీ. సోమవారం దాకా నోరు మెదపకు. లెటర్ తీసుకో. మంగళవారం నుంచి మెల్లగా ఎవర్నో ఒకర్ని అడుగు. లెటర్ చేతికొచ్చాక ఎవడూ ఏమీ చెయ్యలేడు."

అమ్మాయి "సరేనండి" అనడానికి నోరు తెరిచింది. అనకుండా బీరువా వంక తిరిగింది.

"కొత్తవాళ్లిద్దరూ సోమవారం పొద్దున్నే వస్తారండి. స్టాంపు లేనివి ఏం చెయ్యాలని అడుగుతారు. మామూలుగా చూసుకోండి అని చెప్పనా?"

జవాబు తెలియనప్పుడు వాడమని తను నేర్పిన మూడు మాటలూ మేడం మనసులో వరసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ పనికిరాలేదు.

అప్పుడే మేనేజర్ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. "ఓహో, మేడం! మా స్టార్ ఉద్యోగిని చూడ్డానికి వచ్చారా?"

మేడం లేచి నిలబడింది. పిల్లల తరఫున మాట్లాడేటప్పుడు వాడే వాక్యం ఒకటి ఉంది ఆవిడకి. "చూడండి సార్, మా అమ్మాయి చాలా శ్రద్ధ కలది, నేర్చుకోవాలనే తపన..."

"నాకు తెలీదు సార్," అంది అమ్మాయి.

"ఏంటమ్మా?"

"మిగతావి మామూలుగా చూసుకో అన్నారు. మామూలుగా అంటే ఏంటో నాకు తెలీదు సార్. మొదటి రోజు నుంచీ." అని, బీరువా తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరిగింది.

మేనేజర్ పుల్ల నోట్లోనే ఉండిపోయింది. ఒక కట్ట తీశాడు. ఇంకోటి తీశాడు. మొహం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "వీళ్లకి ఫోన్ చెయ్యాలమ్మా! పార్టు ఉందో లేదో చూసి, ఫలానా రోజు వస్తామని చెప్పాలి! అంతే కదా మామూలుగా అంటే! అయ్యయ్యో, ఇందుకా నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్లు వేరే కంపెనీకి పోయారు! ఒక్క మాట అడగొద్దూ?"

"అడగొద్దని నేర్పింది నేనే," అంది మేడం. అనేశాక తెలిసింది, అన్నట్టు.

"మీరా? ఏం నేర్పారు?"

"తెలియదు అనొద్దని." ఆవిడ చెవులు వేడెక్కాయి. నలుగురిలో చీర కుచ్చిళ్లు ఊడినట్టుగా ఉంది. అయినా ఊరుకోలేదు. "సార్, ఒక్కటి చెప్పండి. ఇంటర్వ్యూలో ఈ పిల్ల 'నాకు తెలీదు' అనుంటే మీరు తీసుకునేవారా?"

మేనేజర్ పుల్ల తీసి చెత్తబుట్టలో వేశాడు. నిజాయితీపరుడే పాపం. "లేదు," అన్నాడు.

"మరి నన్నేం నేర్పమంటారు?"

"అది నాకేం తెలుసు మేడం!" అని అరిచాడు ఆయన.

తీర్పు అక్కడే అయిపోయింది. సోమవారం లెటర్ లేదు. ఇంకో మూడు నెలలు పరీక్షాకాలం. కొత్తవాళ్లకి నేర్పే పని ముసలి మెకానిక్‌కి. అమ్మాయి వాళ్ల పక్కనే కూర్చుని, వాళ్లతోపాటు మొదటి నుంచి నేర్చుకోవాలి. ఈ చీటీల వాళ్లందరికీ ఇవాళ్టి నుంచే ఫోన్లు. తిట్లన్నీ తనే తినాలి. ఉద్యోగం పోలేదు. డెబ్భై ఎనిమిది రోజులు ఎర్ర చీటీ ఒక్కటి కూడా తప్పలేదు కాబట్టే పోలేదని మేనేజర్ వేలు చూపించి మరీ చెప్పాడు.

మూడు నెలలంటే ఈ ఏడాది లెక్కలోకి రాదు. ముప్పై తొమ్మిది ముప్పై తొమ్మిదే. డీన్‌గారు ఇంకా మర్యాదగా మాట్లాడతారు. పరీక్షల విభాగంలో తన పాత కుర్చీ, దాని విరిగిన చెయ్యి మేడం కళ్లముందు కదిలాయి. ఆ ముప్పై తొమ్మిది మందిలో ఇలాంటి బీరువాలు ఎన్ని ఉన్నాయో అన్న ఆలోచన కూడా వచ్చింది. దాన్ని తోసెయ్యబోతే అది పోలేదు.

అమ్మాయి అప్పటికే మొదటి నంబరు నొక్కింది. మేడం పక్క కుర్చీలో కూర్చుంది, ధైర్యానికి. అవతల ఎవరో పెద్దాయన ఎత్తాడు. ఆయన తిట్లు మేడం దాకా స్పష్టంగా వినపడుతున్నాయి. రెండు నెలలుగా కూరగాయల సంచితో నాలుగంతస్తులు ఎక్కుతున్నాడట. మీరు మనుషులేనా అంటున్నాడు. అమ్మాయి ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని వింటోంది.

"ఇంతకీ ఎప్పుడు వస్తారమ్మా?" అన్నాడాయన.

మేడం చెయ్యి దానంతటదే పైకి లేచింది. కళ్లు పెద్దవి చేసి, పెదాలు కదిపి, 'రేపే అను, రేపే' అని సైగ చేసింది.

అమ్మాయి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఇటు తిరిగింది.

"మేడం, ఏమనుకోకండి, మీరు వెళ్లిపోండి. మీరు పక్కనుంటే నాకు సరేనండి అనెయ్యాలనిపిస్తోంది."

మళ్లీ అటు తిరిగి, "నాకు తెలీదండి, స్టోర్‌లో కనుక్కుని గంటలో ఫోన్ చేస్తానండి" అంది.

మేడం సంచి తీసుకుని, కుర్చీ ఈడ్చకుండా లేచింది. మేనేజర్ అటు తిరిగి ఉన్నాడు, ఆవిడని ఎవరూ చూడలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆ పెద్దాయన గొంతు ఇంకా వినపడుతోంది. అమ్మాయి గొంతు అంతకంటే కొంచెం గట్టిగా.