పిలిస్తే తిరగని మనిషి కోసం శ్రీరాంపూర్ దాకా

పోయిన పెద్దలకు అన్నం పెట్టే పెత్తరమాస అమావాస్య ఇంకా ఆరు రోజులుందనగా, పొద్దున్నే ఆరుంబావుకు కరీంనగర్ బస్టాండులో మెట్‌పల్లి బస్సెక్కాను. చేతిలో ఒక సంచి, అందులో ఒక జత బట్టలు, మా ఆవిడ కట్టిచ్చిన సర్వపిండి. గిటారు కావాలనే ఇంట్లో వదిలేశాను. అది భుజాన ఉంటే ఎవరో ఒకరు ఆ పాట పాడమంటారు. ఈ ప్రయాణంలో ఆ పాట నా నోటికి రాకూడదని గట్టిగా అనుకున్నాను.

మా బృందంలో నలుగురం. రెండు గిటార్లు, ఒక డ్రమ్ము, ఒక డప్పు. ఇరవై ఏళ్లుగా ఏ ఊరు వెళ్లినా "పిలిస్తే తిరగలే" పాడందే జనం మమ్మల్ని వేదిక దిగనివ్వరు. చచ్చిపోయాడనుకున్న ప్రియుడు బొగ్గుబాయి దగ్గర కనబడితే పేరు పెట్టి పిలిచిన పిల్ల పాట అది.

"పేరు పెట్టి పిలిస్తి, తిరగకపోతివి
ఎండల నిలవడితివి, నీడ లేకపోతివి"

దీన్ని పెళ్లి బరాత్‌లలో కూడా పాడించుకుంటారు. దయ్యం పాటకు చిందులేసే జనం ప్రపంచంలో మనమే అయి ఉంటాం. ఇది నిజంగా జరిగిందని పాడే ముందు నేను మైకులో చెబుతాను. జరిగింది ఖానాపూర్‌లో ఉండే మా అమ్మ అక్క లచ్చవ్వ పెద్దమ్మకు. నీడ లేదన్న ముక్క మాత్రం నాది. పాట పండాలని కలిపాను.

పోయిన నెల మంచిర్యాలలో మా ప్రోగ్రాం అయ్యాక శ్రీరాంపూర్‌లో ఉండే సత్తయ్య అనే పెద్దాయన నా దగ్గరికొచ్చాడు. బాయిలోకి దిగే కార్మికులకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. "గీ పాట ఇనవడితే మా పక్కింటి పోశెట్టి లేచి బయటికి పోతడు సార్. గాయనది గూడ ఖానాపూర్ దిక్కే," అన్నాడు. ఆ మాట పెద్దమ్మకు ఫోన్లో చెప్పి తప్పు చేశాను. అప్పటినుంచి ఆమె సరిగా తినడం లేదట.

ఏడుంబావుకు జగిత్యాలలో చాయ్, ఎనిమిదిన్నరకు మెట్‌పల్లిలో ఉప్మా. అక్కడ బస్సు మారాను. ఖానాపూర్ బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఒళ్లో మోదుగాకు ఇస్తార్ల కట్ట ఉంది. పెత్తరమాసకు ఎంతమంది పెద్దలకు పెడతావని ఊరికే అడిగాను.

"తొమ్మిది మందికి. తప్పు పోవద్దు కొడుకా. ఒకల పేరు ఇడిసిపెడితే ఆళ్లు ఏడాదంత పస్తుంటరు. బతికినోని పేరు మీద పెట్టినమనుకో, ఆని ఆయుష్షు కొరుక్క తిన్నట్టే," అంది.

 గోదావరి వంతెన వచ్చిందాకా కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

పదింబావుకు ఖానాపూర్‌లో దిగాను. పెద్దమ్మ అరుగు మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కోడలు చుట్టిన కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేని సమయం చూసే రమ్మంది నన్ను. చేతులు ఆగకుండానే కథ మొదటినుంచి చెప్పింది. నేను పాటగా కట్టిన కథే అయినా, ఆ పొద్దు కొత్తగా వింటున్నట్టుంది.

భోజన్న ఆమెకు వరసకు బావ. పెళ్లి మాటలు అయిపోయాయి. భోజన్న పెదనాయన కొడుకు పోశెట్టికి శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో నౌకరీ వచ్చింది. అతన్ని చేర్పించడానికి భోజన్న తోడు వెళ్లాడు. వారం తిరక్కుండా కబురొచ్చింది, భోజన్న జ్వరంతో పోయాడని, గోదావరి ఒడ్డునే దహనం చేశారని. ఊళ్లో ఎవరూ శవాన్ని చూడలేదు. దినాలు మాత్రం ఇక్కడే చేశారు. నౌకరీలో పడ్డ పోశెట్టి మళ్లీ ఊరి మొహం చూడలేదు. రెండేళ్లకు పెద్దమ్మ ఏదో పెళ్లికని మేనత్తతో శ్రీరాంపూర్ వెళ్లింది. పట్టపగలు. మొదటి షిఫ్టు విడిచి బాయి నుంచి మనుషులు వస్తున్నారు.

"మొకమంత బొగ్గు. అయినా ఆ నడక నాకెర్క లేదా? ఎడమ భుజం ఇంత కిందికుంటది. భోజన్నా అని ఒర్లిన. అందరు తిరిగి జూసిండ్రు. ఆడొక్కడే తిరగలే."

మేనత్త దయ్యమంది. తాయెత్తు కట్టించింది. తర్వాత పెద్దమ్మకు వేరే పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెనిమిటీ పోయాడు. కానీ నలభై ఏళ్లుగా ప్రతి పెత్తరమాసకు అత్తమామల ఇస్తార్ల పక్కన ఒక ఇస్తారి ఎక్కువేసి, లోలోపల భోజన్న పేరు తలుచుకుని అన్నం పెడుతోంది.

"సచ్చినోడైతే నాకు కోపం లేదు కొడుకా. దయ్యం తిరగకుంటే దానికేం దెలుసు? బతికి ఉన్నడనుకో, రెండు తప్పులైనయి. నేను పిలిస్తే ఇని తిరగకపోవుడు ఆనిది. బతికినోనికి పిండం పెట్టుడు నాది. గీ పెత్తరమాసకు ఇస్తారి ఎయ్యాల్నా, వద్దా? తెలుసుకొని చెప్పు."

"సాయంత్రం వచ్చి చెప్తా పెద్దమ్మా."

"రాకు. ఫోన్ల చెప్పు. ఎదురుంగ ఉంటే నా మొకం జూసి అబద్ధమాడతవు."

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తను ముట్టలేదు.

పన్నెండున్నరకు మంచిర్యాల బస్సు. కడెం దాటాక రెండు పక్కలా టేకు అడవి. ఎండ ఉంది కానీ రోడ్డు మీద పడదు. ఈ దారిన వెళ్లేవారు నీళ్లు వెంట తీసుకెళ్లండి, మధ్యలో దుకాణం దొరకదు. జన్నారం ఇంకా రాకముందే ఊరూ వాడా లేనిచోట డ్రైవర్ బస్సాపాడు. కండక్టర్ తలుపు తీశాడు. ఎవరూ ఎక్కలేదు. ఎవరూ దిగలేదు.

"చెయ్యి లేపిండు గదా?" అని డ్రైవర్.

"ఎక్కిండేమో, పోనియ్యి," అని కండక్టర్ తలుపేశాడు. ఇద్దరూ నవ్వలేదు. నా వెనక సీట్లో మనిషి నిద్రమత్తులోనే జరిగి పక్కన చోటిచ్చాడు. నేను తల తిప్పి చూడలేదు. దయ్యాల పాట పాడి బతికేవాణ్ణి, నాకు అంత ధైర్యం లేదు.

మూడింటికి మంచిర్యాల, అక్కణ్నుంచి షేర్ ఆటోలో మూడున్నరకు శ్రీరాంపూర్. సత్తయ్య ఆటోల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇళ్ల వెనక బాయి నుంచి తీసిపోసిన మట్టి, గుట్టల్లా పేరుకుని ఉంది. పోశెట్టి ఇంటి ముందు గోడకు పలక మీద తెల్ల రంగుతో పేరు రాసి ఉంది. సందులో నలుగురు ఆడవాళ్లు చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నారు. వాళ్లలో ఒకామె పోశెట్టి భార్య అని సత్తయ్య చెప్పాడు. ఇంటి పెద్దాయన పోశెట్టి మాకు వీపు పెట్టి బకెట్‌తో జామచెట్టుకు నీళ్లు పోస్తున్నాడు. ఎడమ భుజం కిందికుంది.

ఏం అడగాలో దారంతా ఆలోచించి పెట్టుకున్నదంతా మరిచిపోయాను. గేటు దగ్గర నిలబడి, "భోజన్నా!" అని పిలిచాను.

నలుగురు ఆడవాళ్లూ తిరిగారు. సత్తయ్య తిరిగాడు. ఎదురింటి కుక్క కూడా తలెత్తింది. "ఎవలు కావాలె బిడ్డా? గా పేరోళ్లు గీడ లేరు," అంది పోశెట్టి భార్య. పెద్దాయన మాత్రం తిరగలేదు. నీళ్లు పోస్తూనే ఉన్నాడు. చెట్టు పాదు నిండి, నీళ్లు ఆయన కాళ్ల మీదికి వస్తున్నా పోస్తూనే ఉన్నాడు.

వెనకనుంచి ఎవరు ఏ పేరుతో కేకేసినా మనిషన్నవాడు ఒకసారి చూస్తాడు. అలా తిరగకుండా నిలబడాలంటే ఆ పేరు బాగా తెలిసి ఉండాలి.

సత్తయ్య నన్ను ఆ పాట కట్టినవాడిగా పరిచయం చేశాడు, లచ్చవ్వ చెల్లెలి కొడుకునని నేను చెప్పాను. చాయ్ తాగాక పెద్దాయన "నడువు, జర తిరిగొద్దాం" అని నన్నొక్కణ్నే మట్టిగుట్టల వైపు తీసుకెళ్లాడు. ఇళ్లు దాటాక తనే మొదలుపెట్టాడు.

"సచ్చింది పోశెట్టి. నౌకరీల చేరుడు ఇంక రెండ్రోజులుందనంగ జ్వరమొచ్చి పోయిండు. గంత కష్టపడితే దొరికిన నౌకరీ, ఎందుకు పోగొట్టుకోవాలె అన్నరు మా బాపు, పెదబాపు. ఇద్దరం ఒకీడోళ్లం. ఆని కాయితం పట్టుకొని ఆని పేరు మీద నేను దిగిన. గీ బాయిలల్ల మారుపేరు మీద పనిచేసినోళ్లు నేనొక్కన్నే గాదు. మరి పోశెట్టి బతికుండాల్నంటే ఎవడో ఒకడు సావాలె గద. నన్ను సంపిండ్రు."

"మా పెద్దమ్మ పిలిచిన రోజు..."

"నా పక్కపొంటి సర్దారి నడుస్తుండు. మమ్ముల పనికి పంపేటోడు. తిరిగితే నౌకరీ పోతుండె, జేలు పడుతుండె. మా రెండిండ్లు బజార్ల పడుతుండె. ఇన్న బిడ్డా. ఇని, అడుగులు లెక్కపెట్టుకుంట పోయిన."

కొంత దూరం పోయాక ఆగాడు. "నీ పాటల నీడ లేదన్నవు. మొదాలు ఇన్ననాడు బయటికొచ్చి ఎండల నిలవడి జూసుకున్న."

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. క్షమించమన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు.

"పాటది ఏమున్నది! మస్టర్ కాడ హాజరు పిలుస్తరు గదా. పోశెట్టీ అంటే, నేను 'ఆ' అనకముందే నా ఎనక ఎవడో 'ఆ' అనేటోడు. రోజు. రిటైరయినంక బందయితదనుకున్న. గిప్పుడు ఇంట్ల నా పెండ్లాం పిలిచినా ఇనవడతది. ఆకలి మీదున్న గొంతు. ఉండదా మరి? దినాలు నా పేరు మీద చేసిరి. పోశెట్టి పేరు మీద ఇంతవరకు ఎవ్వలు మెతుకు పెట్టలే. నేను పెడదామంటే పోశెట్టిని నేనే గదా, నా పెండ్లాం ఊకుంటదా?"

"మరి మీకు..." అని పెద్దమ్మ వేసే ఇస్తారి గురించి చెప్పాను.

ఆయన మట్టి మీద చతికిలబడ్డాడు. "గందుకా!" అన్నాడు. "నలభై ఏండ్ల సంది పెత్తరమాస నాడు నాకు ఆకలి గాదు. ముద్ద గొంతు దిగదు. తిన్నట్టే ఉంటది. ఏం రోగమో అని డాక్టరుకు గూడ చూపిచ్చిన."

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటే అడిగాడు. "సచ్చిండని చెప్తవో, ఉన్నడని చెప్తవో నీ ఇష్టం. గని ఒక ఇస్తారి పోశెట్టికి ఎయ్యమను."

పోశెట్టికి వేయమంటే భోజన్న బతికున్నాడని చెప్పినట్టే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పావుతక్కువ ఆరింటికి మంచిర్యాల స్టేషన్‌లో పెద్దపల్లి వైపు బండి ఎక్కాను. కిటికీ పక్కనే చోటు దొరికింది. బఠాణీలు కొనుక్కున్నాను, తినలేకపోయాను. అబద్ధం చెప్పేద్దామనే అనుకున్నాను. చచ్చాడంటే ఆమెకు కోపం ఉండదు, ఇస్తారి ఎప్పటిలాగే పడుతుంది, నా పాట ఎప్పటిలాగే నడుస్తుంది. ఖానాపూర్‌కు శ్రీరాంపూర్‌కు నడుమ మూడు గంటల దారి. ఆ కాస్త దూరం నలభై ఏళ్లు ఎవరూ దాటకుండా కాపాడింది ఇలాంటి అబద్ధమే కదా అనిపించింది. బండి గోదావరి వంతెన మీదికి రాకముందే ఫోన్ చేశాను.

"దొరికిండా?" అంది పెద్దమ్మ.

"బతికే ఉన్నడు పెద్దమ్మా."

"నేను పిలిచింది?"

"ఇన్నడు."

ఆ తర్వాత మిగతాదంతా చెప్పాను, పోశెట్టి ఆకలి, ఈయన తినలేని పెత్తరమాసలు, అన్నీ. బండి నది మీదికొచ్చింది. కింద నీళ్లు నల్లబడుతున్నాయి. 

"కోపమొచ్చిందా పెద్దమ్మా?"

"బగ్గ వచ్చింది. రాకుంటెట్ల?" అంది.  చాట పక్కకు జరిపిన చప్పుడైంది. "పోశెట్టికి ఏస్త. భోజన్నకు బంద్ చేస్త. గని కొడుకా, గీసారి పెత్తరమాసకు ఆనికి ఆకలైతది. అలవాటు లేదాయె. పొద్దుగాల్నే ఇంత తినుమని చెప్పు."