మందు మానాక పెరిగిన బరువు

మా ఆయన ఒక ఆస్పత్రిలో అంబులెన్సు డ్రైవరు. పెళ్ళై ఢిల్లీ వచ్చిన దగ్గర్నించీ నేను చూస్తున్న పని అదొక్కటే. డ్యూటీ దిగాక ఠేకాలో, అంటే మందు షాపులో, సీసా కొనుక్కుని, పార్కింగు వెనకాల తోటి డ్రైవర్లతో కూర్చునేవాడు. తాగొచ్చి గొడవ చేసే మనిషి కాదు, ఒక్క మాట తూలింది లేదు. కానీ సీసా ఒక్కటే పోదు కదా లోపలికి. దానితో పాటు వేయించిన పల్లీలు, నమ్‌కీను, పకోడీలు, ఆపైన ఇంటికొచ్చి చేపల పులుసుతో నిండుగా అన్నం. ఆ పొట్ట మా కళ్ళ ముందే పెరిగింది.

ఆ ఆస్పత్రిలో డ్రైవర్లకి ఏటా ఒంటి పరీక్ష చేస్తారు. ఈసారి డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టలేదు. "భయ్యా, స్ట్రెచరు ఒక పక్క పట్టుకుంటే పేషెంటు కంటే మీరే ఎక్కువ రొప్పుతున్నారు. రెండు నెలలు టైమిస్తా. ఎనిమిది కిలోలు తగ్గండి, అప్పటిదాకా మందు బంద్. తగ్గకపోతే గేటు దగ్గర కుర్చీ వేయిస్తాం, కూర్చుందురుగాని" అందట. ఈలోగా అంబులెన్సు వేరేవాళ్ళకిచ్చి, ఆయన్ని దుప్పట్లు, సామాన్లు తోలే వ్యానుకి వేశారు.

ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. "దుప్పట్లకి సైరనెందుకే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది, ఆ బండి పోతే ఈయన మనిషి కాడని.

సరిగ్గా అప్పుడే మా క్రైస్తవులకి శ్రమకాలం వచ్చింది, ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే రోజులు. ఎవరికి ఇష్టమైనది వాళ్ళు వదులుకుంటారు. ఒకరు మాంసం మానతారు, ఒకరు టీ మానతారు. శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం నాడు మా తెలుగు చర్చిలో ఈయన లేచి నిలబడి, "ఈస్టరు దాకా మందు ముట్టను, నాకోసం ప్రార్థన చెయ్యండి" అని సాక్ష్యం చెప్పాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు చెయ్యి పట్టుకుని వదలలేదు.

మానడం మానాడు. అందులో వంక పెట్టడానికి లేదు. కానీ సాయంత్రమయ్యేసరికి ఆ కూర్చునే వేళ ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. కటవారియా సరాయ్‌లో మా రెండు గదుల్లో ఎంతసేపని తిరుగుతాడు. అందుకని శ్రమకాలమంతా ఇంటింటా జరిగే ప్రార్థన కూడికలకి నాతో బయల్దేరడం మొదలెట్టాడు. ఒకరోజు మునిర్కా, ఒకరోజు మయూర్ విహార్, ఒకరోజు నోయిడా. ఎవరిల్లైనా సరే, ఆమెన్ అన్న మరుక్షణం పళ్ళాలు వచ్చేవి. మిరపకాయ బజ్జీలు, రవ్వకేసరి, కజ్జికాయలు. మాంసం మానిన ఇంట్లో నెయ్యి రెట్టింపు.

ఈయనకైతే మర్యాద మరీ ఎక్కువ. "అన్నయ్యగారు అంత పెద్దది వదులుకున్నారు, ఇంకో రెండు బజ్జీలు వెయ్యండమ్మా" అని ఒకావిడ, "బ్రదర్‌కి కేసరి తక్కువైంది" అని ఇంకొకావిడ. పెట్టింది వద్దంటే ఆ ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఈయన తినేవాడు. నేను వంటింట్లో పళ్ళాలు సర్దుతూ, పోన్లే, సీసా కంటే నయం కదా అనుకునేదాన్ని.

పది రోజులు గడిచాక సందు చివర మందుల షాపులో బరువు చూసే మిషనెక్కాడు. రెండు కిలోలు పెరిగాడు.

వెంట వచ్చిన మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "పాపా, యే కైసే హువా" అంది, ఇదెలా అయిందని. ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి కాసేపు కూర్చుని, మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికో నీకు తెలుసు. తాగినప్పుడే సన్నగా ఉన్నానే. మాని ఏం బాగుపడ్డాను?"

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడలేదు. అలా నిలబడితే ఇంకా పంతం పెరుగుతుంది. "మందు మానింది మీరు. బజ్జీలు మానాల్సింది సంఘమంతా. ఇంకొక్క కూడిక ఆగండి, నేను మాట్లాడతాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు. అనడంలో తప్పులేదు. నేను చదివింది ఐదో తరగతి, బైబిలు చదవమంటే వేలు పెట్టి కూడబలుక్కుంటాను. పదిమంది ముందు నోరు తెరిచింది ఏనాడూ లేదు. ఆ ఆశ్చర్యంలోనే చెప్పులు విడిచేశాడు.

మర్నాడు మయూర్ విహార్‌లో కూడిక. సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అంటే లేచాను. "ఈయన అన్న మాట మీద నిలబడ్డాడు. మీ ప్రార్థన ఫలించింది. కానీ మీ ప్రేమంతా ఆయన పొట్టలోకే పోతోంది. రెండు కిలోలు పెరిగాడు. ఇలాగే ఉంటే బండి పోతుంది. ఈస్టరు దాకా ఎవరింట్లోనూ నూనె మూకుడు పెట్టొద్దని మీ కాళ్ళకి మొక్కుతున్నాను" అన్నాను.

నవ్వొకటి బయల్దేరి మళ్ళీ ఆగిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ మూతి ముడుచుకుంది. లోపల బజ్జీలు అప్పటికే వేగుతున్నాయి మరి. "మా గడప తొక్కినవాళ్ళని ఉత్త కడుపుతో పంపమంటావా? రేపు మమ్మల్ని పిసినారులంటారు."

"ఎవరూ అనరు పిన్నీ. పిన్ని పెడతానంది, నేనే వద్దన్నానని ఇంటింటికీ నేనే చెప్తాను."

పాస్టరు గారి భార్య పాస్టరమ్మ గారు కళ్ళద్దాలు తీసి, "ఉపవాస దినాల్లో మనం పండక్కంటే ఎక్కువ తింటున్నాం, సిగ్గుపడాల్సింది మనమే. రేపట్నించి గుగ్గిళ్ళు, మజ్జిగ. అంతే" అంది. పిన్ని ఇంకా తగ్గలేదు. "ఇవాళ వేగినవి ఏం చెయ్యను?" అంది. "పిల్లలకి పెట్టు" అంది పాస్టరమ్మ గారు.

అక్కణ్ణించి కథ మారిపోయింది. గుగ్గిళ్ళలో కూడా మావాళ్ళు పోటీకి దిగారు. ఒకావిడ మామిడికాయ తురిమి కలిపితే, ఇంకొకావిడ కొబ్బరి కోరు చల్లింది. మెట్రో దిగి ఆటో ఎక్కకుండా నడిచి వెళ్ళేవాళ్ళం. మొదట మేమిద్దరమే, తర్వాత మాతో పదిమంది. వెనకబడిన పిన్ని రొప్పుతూ, "నీ మొగుడు మందు మానాడని మా మోకాళ్ళకి వచ్చిందే శిక్ష" అని తిట్టేది. తిడుతూనే నడిచేది. ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ఆవిడ జాకెట్టే వదులైంది. మా ఆయన బెల్టుకి కొత్త చిల్లు పొడవాల్సొచ్చింది.

ఈస్టరు రానే వచ్చింది. సాయంత్రం తోటి డ్రైవర్లు ఫోను మీద ఫోను. "అబ్ తో హో గయా భాయ్, ఆజా" అని, గడువు అయిపోయింది కదా రమ్మని. వెళ్ళాడు. నేను ఆపలేదు. గంటలో వచ్చేశాడు. వాళ్ళ మధ్యన కూర్చుని నింబూ పానీ తాగాడట. "నా మొక్కు తీరింది గానీ డాక్టరమ్మ మొక్కు ఇంకా తీరలేదన్నాను. బాగా నవ్వుకున్నారు. నవ్వుకోనీ" అన్నాడు.

తర్వాతి వారం పరీక్షకి నన్నూ తీసుకెళ్ళాడు. ఎనిమిది కాదు, తొమ్మిది తగ్గాడు. డాక్టరమ్మ నమ్మలేక మిషను మార్చి మళ్ళీ ఎక్కించింది. అందులోనూ అంతే. సంతకం పెడుతూ, "క్యా ఖాయా భయ్యా?" అని అడిగింది.

"శనగ గుగ్గిళ్ళు మేడమ్, చర్చి అంతా కలిసి" అన్నాడు తెలుగులోనే, సంతోషంలో ఏ భాషో మర్చిపోయి.

ఆ తర్వాత అసలు ముట్టలేదా అంటే, లేదని అబద్ధం చెప్పను. ఎప్పుడైనా పెళ్ళికో పేరంటానికో ఒక గ్లాసు. రోజూ సాయంత్రం అటు తిరిగే కాళ్ళు మాత్రం ఇప్పుడు నాతో పాటు పార్కులో తిరుగుతున్నాయి.

ఆరోజు సంతకమయ్యాక ఇద్దరం బయట టీ తాగుదామనుకున్నాం. మెట్లు దిగుతుండగానే ఎవరో ప్రసవం కేసు, బండి కావాలని పిలిచారు. ఈయన తాళాలు అందుకుని నా వైపు తిరిగి, "నువ్వు మెట్రోలో వెళ్ళిపోవే, ఠీక్ హై?" అన్నాడు. నా జవాబు వినకుండానే పరిగెత్తాడు. ఆ వయసు మనిషి, ఆ ఒళ్ళు, అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. సైరను గేటు దాటి పోయేదాకా అక్కడే నిలబడి, అప్పుడు మెట్రోకి నడిచాను.