పైపొర ఒక్కటే అన్న నర్సమ్మ

"నన్ను నమ్మబాకవ్వా, నువ్వే సూడు" అనేది ఆ నర్సమ్మ. ఏం చెప్పినా చివర అదే మాట. అలా అనేవాళ్లను నేను అసలు నమ్మను.

పాకాల ఆస్పత్రిలో నా కూతురు ఆడపిల్లను కన్న రోజది. కూతురి రక్తంలో కామెర్ల క్రిమి ఉందన్నారు. అల్లుడు లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి. వాడే అంటించాడని నేను తేల్చేసి, వాణ్ణి బిడ్డను ముట్టనివ్వలేదు. ఈ నర్సమ్మేమో ఆ క్రిమి అంటకుండా పుట్టిన పూటే బిడ్డకు సూది వేయాలంటుంది.

"ఆ క్రిమినే ఎక్కిస్తారంట గదా?" అని అడిగాను.

"క్రిమి కాదవ్వా, దాని పైపొర ఒక్కటే. పాము ఇడిసిన కుబుసం అనుకో. అది సూసి ఒళ్లు పామును ఆనవాలు పట్టుకుంటాది."

"అంత మంచిదైతే ముందు నాకు పొడుసు."

"పొడుస్తా. ముందు నీ రక్తం సూడాల."

నా వేలు గుచ్చి ఒక చిన్న పట్టీ మీద చుక్క వేసింది. కాసేపటికి రెండు గీతలు తేలాయి. ఆమె తలుపు దగ్గరికి వేసి, పట్టీ నా చేతిలో పెట్టింది.

"నన్ను నమ్మబాకవ్వా, నువ్వే సూడు. క్రిమి నీ ఒంట్లోనూ ఉండాది. నీ కూతురికి పుట్టేటప్పుడు నీ నుంచే వచ్చుంటాది. మీ అల్లుడి రక్తం పొద్దున్నే సూసినాను, ఆయప్పకు లేదు." ఆగి, "నేను ఎవురికీ చెప్పను" అంది.

నేనే తలుపు తీశాను. వరండాలో అల్లుడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"లోపలికి రా నాయనా. సూదేస్తారంట, బిడ్డను నువ్వే పట్టుకో" అన్నాను.