హలో బాబాయి వాల్యూం

ఆ ఊళ్ళో ఏ సభ జరిగినా మొదటి ఉపన్యాసం హలో బాబాయిదే. వేదిక ఎక్కి, మైకు మూతిని వేలితో తట్టి, "హలో... హలో... మైక్ టెస్టింగ్" అని దిగిపోతాడు. అంత క్లుప్తంగా ముగించిన వక్త ఆ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. అందుకే ఆయనకా పేరు. అసలు పేరు ఆయన మైకుసెట్ల దుకాణం బోర్డు మీద ఉండేదంటారు గాని, దాని ముందు హారన్లు వేలాడదీయడంతో ఎప్పుడో మరుగున పడిపోయింది.

దిగిపోయాక ఆయన వేదిక పక్కన చిన్న బల్ల ముందు కూర్చుంటాడు. బల్ల మీద ఆంప్లిఫయరు, దాని మీద దుమ్ము తుడిచే గుడ్డ, పక్కన చల్లారిపోయిన టీ. సభ అయ్యేదాకా ఆయన చెయ్యి వాల్యూం నాబ్ మీదే ఉంటుంది. ఎవరైనా గొంతు చించుకుంటే మెల్లగా తగ్గిస్తాడు. ఎవరి మాటైనా నోట్లోనే ఉండిపోతుంటే అంతే మెల్లగా పెంచుతాడు. వెనక వరుసలో కూర్చున్నవాడికి అందరూ ఒకే మోతాదులో వినబడాలన్నది ఆయన పట్టుదల. ఈ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేస్తున్నాడని ఎవరికీ తెలియదు, ఒక్క భార్యకు తప్ప.

ఆవిడకు తెలియడానికి కారణముంది. ఇంట్లో ఆవిడ గొంతు లేచిందంటే చాలు, బాబాయి బొటనవేలూ చూపుడువేలూ గాల్లో నాబ్ పట్టుకున్నట్టు ఎడమవైపుకి తిరుగుతాయి. అది చూస్తే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"నన్ను తగ్గించకండి, చెప్తున్నా! నేనేం మీ హారన్ని కాదు."

"హారన్‌కైతే స్విచ్చుంటుందే" అని గొణిగి, ఆయన వైర్లు చుట్టుకుంటూ వీధిలోకి జారుకునేవాడు.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి ఎక్కడో దూరాన ఉన్న మిత్రదేశం యుద్ధం వచ్చి పడింది. పొరుగువాడు మీద పడ్డాడు, ఫిరంగులూ ట్యాంకులూ పంపండని ఆ దేశం కబురు పెట్టింది. పంపాలా వద్దా అని ఇక్కడ దేశమంతా రెండుగా చీలి కూర్చుంది. ఈ ఊరు అసలే మాటంటే చెవి కోసుకునే ఊరు. బస్సులో వాదన, మంగలి కుర్చీలో వాదన. పన్ను పీకే డాక్టరైతే, వచ్చినవాడు ఏ పక్షమో తేల్చుకున్నాకే మత్తు సూది పొడుస్తున్నాడని చెప్పుకున్నారు.

పంపాలనేవాళ్ళకి ఇనుప సామాన్ల షావుకారు పెద్ద. "ఇవాళ వాళ్ళ గుమ్మం, రేపు మన గుమ్మం! స్నేహితుడు మునిగిపోతుంటే గట్టున కూర్చుని గవ్వలేరుకుంటామా?" అని ఆయన అరిస్తే కొట్లో తప్పేలాలు కూడా మోగేవి. వద్దనేవాళ్ళకి రిటైరైన లెక్కల టీచరమ్మ పెద్ద. "మంట ఆరాలంటూ కట్టెలు పంపుతామా నాయనా?" అని ఆవిడ అడిగితే, పక్కన కూర్చున్నవాడికి కూడా రెండోసారి అడిగించుకుంటే గాని వినబడదు.

ఇద్దరికీ మైకు బాబాయిదే. "నువ్వెటు బాబాయ్?" అని ఎవరైనా గుచ్చి అడిగితే, "నేను వేదిక పక్క" అనేవాడు. గోడ మీద పిల్లి అన్నారు కొందరు. ఆయన పట్టించుకోలేదు.

షావుకారు మాత్రం పట్టించుకున్నాడు. తన సభలో తను గర్జించినా హారన్లోంచి మర్యాదగా వస్తోంది. టీచరమ్మ సభలో ఆవిడ గుసగుస వీధి చివరి మందుల కొట్టుదాకా వినబడుతోంది. "వీడు వాళ్ళ మనిషే!" అని కారాలు మిరియాలు నూరాడు.

"షావుకారుగారూ, మీ గొంతు పూర్తిగా వదిలితే జనం చెవులు ఇంటికి తీసుకెళ్ళలేరండీ" అన్నాడు బాబాయి. షావుకారు దాన్ని పొగడ్తగా తీసుకుని శాంతించాడు.

బాబాయి ఎటూ కానివాడన్నది అప్పటివరకే నిజం. ఒకరోజు కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల సైన్యంలో ట్యాంకుల మెకానిక్కు. చిన్నప్పుడు తండ్రి దుకాణంలో పాడైన ఆంప్లిఫయర్లు విప్పదీసి, బాగుచెయ్యకుండా లేచేది కాదు.

"నాన్నా, ట్యాంకులు వెళ్తే వాటిని బాగుచెయ్యడం నేర్పడానికి మేం కూడా వెళ్ళాలట. నేను పేరిచ్చేశాను."

"ఎవరినడిగి ఇచ్చావే?"

"నువ్వు వద్దంటావని అడగలేదు."

ఆ రోజు నుంచి బాబాయికి పక్షం వచ్చింది. పంపొద్దు. ఒక్క గుండు, ఒక్క బోల్టు కూడా పంపొద్దు. కానీ నోరు విప్పి ఎవరితో అంటాడు? జీవితమంతా మైకు ముందు "హలో" తప్ప ఇంకో మాట అని ఎరగడు. పైగా ఇంట్లో ఆవిడ ఎన్నడూ లేనిది గొంతు తగ్గించేసింది. అన్నం వడ్డించి ఊరుకునేది. ఆయనకి భయం వేసింది. నాబ్ తిప్పాలంటే అసలు చప్పుడుండాలిగా.

పార్లమెంటులో ఓటు వేసే ముందు మీ మాట వింటానని ఆ ప్రాంతపు సభ్యుడు ఊరికి వచ్చాడు. అటు ఓట్లు, ఇటు ఓట్లు ఇంచుమించు సమానంగా ఉన్నాయనీ, ఈయన మాత్రం ఇంకా తేల్చుకోలేదనీ పేపర్లు రాస్తూనే ఉన్నాయి. టౌనుహాలు కిటకిటలాడింది. షావుకారు మాట్లాడాడు, బాబాయి తగ్గించాడు. టీచరమ్మ మాట్లాడింది, బాబాయి పెంచాడు. ఇంకెవరైనా ఉన్నారా అని సభ్యుడు అడగగానే ఆడవాళ్ళ వరుసలోంచి బాబాయి భార్య లేచింది.

బాబాయి కంగారుగా నాబ్ సర్దుకున్నాడు. అయినా లోపల ఎక్కడో ఆశ. కన్నతల్లి, ఏమంటుంది? వద్దనే అంటుంది. తను అనలేని మాట ఆవిడ అనేస్తుంది.

ఆవిడ మైకు పట్టుకుంది. వంటింట్లోంచి వీధి చివరిదాకా వినబడే గొంతు అక్కడ పీలగా అయిపోయింది. బాబాయి గబగబా పెంచాడు.

"మా అమ్మాయి ట్యాంకుల మెకానిక్కండి. అవి వెళ్తే అదీ వెళ్తుంది. వెళ్ళొద్దే అని ఫోన్లో ఏడ్చాను. అదేమందో తెలుసా అండి? 'అమ్మా, అక్కడ బండి మధ్యలో ఆగిపోతే లోపలుండేవాళ్ళకి కూడా అమ్మలుంటారు' అంది. అందుకని..."

అందుకని ఏమంటుందో బాబాయికి ఆ క్షణాన అర్థమైపోయింది. చెయ్యి దానంతటదే ఎడమవైపుకి తిరిగింది.

"వినబడట్లేదు!" అని వెనకనుంచి కేకలు.

ఆవిడ ఎవరివైపూ చూడలేదు. నేరుగా బల్ల వైపు, ఆయన వేళ్ళ వైపు చూసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయన బతికిపోయేవాడు. ఆ చూపు ముందు సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. ఎంతమంది అరిచేవాళ్ళనో, గొణిగేవాళ్ళనో ఒకే తూకాన ఊరికి వినిపించినవాడు, తన ఇంటి మనిషి నోరు నొక్కుతున్నాడు. కళ్ళు మూసుకుని నాబ్‌ని కుడివైపుకి, అది తిరిగినంత మేరా తిప్పేశాడు.

"పంపండి" అంది ఆవిడ. హాలు అదిరింది. "కానీ చప్పట్లు కొట్టి మాత్రం పంపకండి!"

చివరి మాటతో పాటే మైకు కీచుమని ఒక్క అరుపు అరిచింది. బాబాయి సెట్టు అలా అరవడం ఊరికి అదే మొదలు. షావుకారుతో సహా జనమంతా రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నారు. అందువల్ల నిజంగానే ఎవరూ చప్పట్లు కొట్టలేకపోయారు.

సభ్యుడు పంపమనే ఓటు వేశాడు. ఆవిడ మాట విని వేశాడో, ఆ కీచు అరుపుకి హడలి వేశాడో ఆయనకే తెలియాలి. ట్యాంకులు వెళ్ళాయి. పిల్లా వెళ్ళింది. షావుకారు, టీచరమ్మ ఇప్పుడు వేరే విషయం మీద కొట్టుకుంటున్నారు. మైకు బాబాయిదే.

అటునుంచి మొదటి ఫోన్ మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కంచాల ముందునుంచి లేచి, ఎంగిలి చేతులతోనే ఒక్క ఫోన్ మీదికి వంగారు. పిల్ల ఏదో చెబుతోంది. నవ్వుతున్నట్టే ఉంది. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు వచ్చి, తెగిపోయి, మళ్ళీ వస్తోంది.

"హలో... హలో..." అంటున్నాడు బాబాయి. ఆయనకి తెలియకుండానే వేళ్ళు గాల్లోకి లేచి, ఈసారి కుడివైపుకి తిరుగుతున్నాయి.

ఆవిడ చూసింది. వెక్కిరించలేదు.

"ఇంకొంచెం పెంచండి" అంది.