ఎవరి లైన్ వాళ్ళే చెప్పాలి

లైన్ అనే మాటను ఒక్క పూట మానెయ్యమంటే ఆపరేటరమ్మ ఇంట్లో అందరూ మూగవాళ్ళైపోతారు. మొగుడు బస్సు డ్రైవరు. ఆయనకు లైన్ అంటే బండి నడిపే దారి. "ఈ వారం ఏ లైన్ వేశారు?" అని అడగకుండా ఆయనకు ఎవరూ కాఫీ ఇవ్వరు. అమ్మకు లైన్ అంటే ఆస్పత్రిలో చీటీ కోసం నిలబడే బారు. మధ్యలో ఎవరైనా దూరారా, ఇక ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. కాలేజీకి వెళ్ళే కూతురి దగ్గర ఆ మాటకు ఉన్న అర్థం ఏమిటో తల్లి అడగదు, అది చెప్పదు. పక్క వీధిలో ఉండే తమ్ముడు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. వాడికి లైన్ అంటే తీగ. అయితే పెళ్ళికి ముందు మూడేళ్ళు వాడు ఒకే అమ్మాయికి లైన్ వేశాడనీ, అదీ స్తంభం మీద కూర్చుని వేశాడనీ మరదలిని ఇప్పటికీ ఏడిపిస్తారు. ఆ పిల్లకు సిగ్గూ పోలేదు, వీళ్ళకు ఆ వేళాకోళమూ పాతబడలేదు.

దారి, బారు, తీగ, గీత, వృత్తి అని దేనికి దానికి మాటలు మనకు లేక కాదు. పెట్టెలో మడతపెట్టిన బట్టల్లా అన్నీ భద్రంగానే ఉన్నాయి. రోజూ కట్టి విడిచేది మాత్రం ఇదొక్కటే.

ఇంత ధారాళంగా వాడే మాటను ఆమె ఒక్క చోట మాత్రం ఆచితూచి అంటుంది. ఆమె కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. అందరూ ఆపరేటరమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. కుర్చీ చెయ్యి విరిగితే నల్ల టేపు చుట్టింది, ఆ టేపు కూడా ఇప్పుడు అరిగిపోయింది. ఎదురుగా గోడంత పొడుగున బూడిద రంగు ఇనుప బీరువాలు, వాటికి ఏడు స్విచ్చిలు, ఒక్కో స్విచ్చికి ఒక్కో లైన్. కాళ్ళ కింద రబ్బరు పట్టా. పొద్దస్తమానం ఒకటే రొద. కొత్తగా వచ్చినవాళ్ళకు తలనొప్పి వస్తుంది. ఆమెకు ఆ రొద ఆగితేనే గుండె దడ.

తీగ మీద పని చెయ్యాలంటే ముందు ఆమెకు ఫోన్ చేసి అడగాలి. ఆమె ఆ లైన్ ఆపి, స్విచ్చికి ఎర్ర చీటీ తగిలించి, అడిగినవాడి పేరూ వేళా రిజిస్టరులో రాసి, "లైన్ క్లియర్ ఇచ్చాను" అంటుంది. ఆ మాట విన్నాకే స్తంభం ఎక్కాలి. పని ముగిశాక, అడిగిన మనిషే మళ్ళీ ఫోన్ చేసి, "దిగిపోయాం, లైన్ క్లియర్ తిరిగిచ్చేస్తున్నాను" అనాలి. అప్పుడే చీటీ తియ్యాలి, అప్పుడే స్విచ్చి వెయ్యాలి. ఆ రెండు ఫోన్ల నడుమ పైనున్నవాడి ప్రాణం ఆమె చేతిలో ఉంటుంది. ఇది రూలు.

రూలు కాగితం మీద బాగానే ఉంటుంది. ఎండలో స్తంభాలెక్కేవాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? ఒకే లైన్ మీద రెండు జట్లు పనిచేస్తే, ముందు ముగించినవాడే రెండో జట్టు తరఫున కూడా చెప్పెయ్యడం ఈ మధ్య అలవాటైపోయింది. "వాళ్ళదీ అయిపోయిందమ్మా, వేసేయండి" అంటారు. ఆమె కూడా మొదట్లో ససేమిరా అంది. తర్వాత గొణిగింది. ఆ తర్వాత గొణగడం కూడా మానేసి వెయ్యడం మొదలుపెట్టింది. ఏమీ కాలేదు కదా అని అందరూ నిబ్బరంగా ఉన్నారు. ఏమీ కానంతసేపూ అంతే.

ఆ రోజు పొద్దున గాలివాన. మూడో నంబరు లైన్ మీద రెండు చోట్ల కొమ్మలు విరిగిపడి తీగలు తెగాయి. చివరి పనికి మేస్త్రీ జట్టు వెళ్ళింది, దగ్గరి పనికి తమ్ముడి జట్టు. మేస్త్రీ లైన్ క్లియర్ తీసుకున్నాడు. పది నిమిషాలకు తమ్ముడూ తీసుకున్నాడు. మూడో స్విచ్చికి రెండు ఎర్ర చీటీలు వేలాడాయి.

మధ్యాహ్నం మూడవుతుండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. "అమ్మా, మా పని అయిపోయింది, దిగిపోయాం. మీ తమ్ముడిదీ అయిపోయింది. ఇప్పుడే బండిలో వస్తూ చూశాను, దిగి నిలబడ్డాడు. వేసేయండి."

ఆమె మొదటి చీటీ తీసింది. రెండో చీటీ మీద చెయ్యి ఆగింది.

"వాడితో ఓసారి మాట్లాడించండి."

"నేను దాటి వచ్చేశానమ్మా. చూశానంటున్నాగా."

"ఏం చూశారు? దిగడం చూశారా, పని అయిపోయిందని వాడు చెప్పాడా?"

"దిగాడంటే అయిపోయినట్టే కదమ్మా" అన్నాడు మేస్త్రీ, కాస్త నొచ్చుకుంటూ.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేసింది. స్తంభం ఎక్కేటప్పుడు వాడు ఫోన్ బండిలో పడేసి పోతాడని ఆమెకు తెలుసు. దిగితే ఎత్తాలి కదా. ఎత్తలేదంటే ఇంకా పైనే ఉన్నాడు. లేదా దిగి, ఎక్కడో నిలబడి కబుర్లు చెబుతున్నాడు. వాడి గుణానికి అదీ అనుకోవచ్చు. ఏది నిజమో చెప్పేవాళ్ళు లేరు.

బయట మళ్ళీ మబ్బు కమ్మింది. ఆగిన ఆ ఒక్క లైన్ తాలూకు బీరువా చప్పుడు లేకుండా నిలబడింది. మిగతా ఆరూ రొద పెడుతున్నాయి. నీళ్ళ పంపుల వాళ్ళు ఫోన్ చేశారు, ట్యాంకులు ఖాళీ అన్నారు. ఐస్ ఫ్యాక్టరీ యజమాని ఫోన్ చేసి, మర్యాదగా మొదలుపెట్టి మర్యాద లేకుండా ముగించాడు. మూడున్నరకు ఆఫీసరు చేశాడు.

"మేస్త్రీ అరగంట కిందట చెప్పాడట కదా. లైన్ ఎందుకు వెయ్యలేదు?"

"ఇంకో చీటీ ఉందండీ. తీసుకున్నవాళ్ళు తిరిగివ్వలేదు."

"మేస్త్రీ కళ్ళారా చూశాడు."

"వాడి నోట వినందే వెయ్యనండీ."

ఆఫీసరు చెడ్డవాడు కాదు, కానీ మాటలో ముల్లు ఉంటుంది. "ఆపరేటరమ్మా, ఆ చీటీ వేరేవాళ్ళదైతే ఈపాటికి వేసేసేవారు. మీ తమ్ముడిది కాబట్టి ఆపారు. అవునా, కాదా?"

ఆమె రెండో చీటీ వైపు చూసింది. ఆఫీసరు, "అరగంట చూస్తాను. తర్వాత రెండో డ్యూటీ ఆపరేటరు వస్తాడు. మీరు వెయ్యకపోతే ఆయన వేస్తాడు" అని పెట్టేశాడు.

అవును. నిజం అదే. రెండు నెలల కిందట ఇలాగే ఒకరు చెబితే వేసేసింది. ఆ రోజు చీటీ పెద్దాయనది. తమ్ముడికి స్తంభం ఎక్కడం నేర్పిన ముసలి లైన్‌మన్ ఆయన, మోకాళ్ళ నొప్పులతో మెల్లగా ఎక్కి, మెల్లగా దిగుతాడు. మర్నాడు ఈ గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "అమ్మా, నిన్న నేను నేల మీద రెండో కాలు పెట్టానో లేదో, పైన తీగ బుర్రుమంది. మీకు ఎవరు చెప్పారో గానీ, నేను చెప్పలేదు." కోపం లేదు, నిష్ఠూరం లేదు. గ్లాసుడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. ఆ సంగతి మొగుడితో కూడా చెప్పలేదు. సిగ్గేసింది. భయమూ వేసింది.

ఆమె కుర్చీలో కూర్చోలేక లేచి రబ్బరు పట్టా మీద అటూ ఇటూ తిరిగింది. తమ్ముడికి మళ్ళీ చేసింది. మోగింది, ఎత్తలేదు. మరదలు ఫోన్ చేసి, "వదినా, కరెంటు ఎప్పుడొస్తుంది?" అంది మామూలుగా. "వస్తుందమ్మా" అని పెట్టేసింది. ఇంకో మాట మాట్లాడితే గొంతు పట్టిచ్చేస్తుంది.

గడియారం నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గేటు దగ్గర మోటారు సైకిల్ చప్పుడు. రెండో డ్యూటీ ఆపరేటరు వచ్చేశాడు. ఆయన బండి స్టాండు వేస్తుండగా టేబుల్ మీద ఫోన్ మోగింది.

"అక్కా, ఇన్నిసార్లు చేశావేంటి? దిగిపోయాం. లైన్ క్లియర్ తిరిగిచ్చేస్తున్నాను."

ఆమెకు పోయిన ప్రాణం లేచివచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు వాటంతటవే జారాయి. "ఎక్కడ చచ్చావురా" అంది. ఏడుస్తూ నవ్వింది. "మధ్యలో పట్టకారు కోసం దిగాను, మళ్ళీ ఎక్కాను" అంటున్నాడు వాడు. ఫోన్ చెవికి భుజంతో నొక్కిపట్టి, రెండో చీటీ తీసేసింది. తమ్ముడు కింద ఉన్నాడు. ఇంకేం కావాలి? స్విచ్చి పిడి పట్టుకుంది.

పట్టుకున్నాక ఆఫీసరు మాట గుచ్చుకుంది. ఆ వెంటనే, గుమ్మంలో నిలబడిన ముసలాయన.

"ఒరేయ్, నీతో ఇంకెవరు ఎక్కారు?"

"పెద్దాయన. చెరో స్తంభం."

"ఆయన దిగాడా?"

"దిగే ఉంటాడక్కా. నాకంటే ముందే అయిపోతుందన్నాడు."

"ఉంటాడేమిటి? చూశావా?"

"ఆయన స్తంభం మలుపు అవతల ఉంది. ఇక్కడికి కనపడదు."

పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి దిగిపోయేలా, పనిచేసే చోట తీగలకు గొలుసు తగిలించి కింద పాతుతారు. ఆమె దాని గురించి అడిగింది.

"తీసేశానక్కా. బండిలో వేశాను."

"వెళ్ళు. వెళ్ళి చూడు. ఫోన్ పెట్టెయ్యకు."

రెండో డ్యూటీ ఆపరేటరు లోపలికి వచ్చి ఏదో అడగబోతే, ఆమె ఖాళీగా ఉన్న చెయ్యి ఎత్తి ఆపింది. ఫోన్లో బురదలో పరిగెత్తే అడుగులు, గాలి, తమ్ముడి రొప్పు. "పెద్దాయనా" అని వాడు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవబోయి ఆగిపోయాడు.

పైనుంచి ఎక్కడో, నింపాదిగా ముసలి గొంతు వినిపించింది. "అరవకురా, వినపడుతోంది. ఒక్క కట్టు మిగిలింది, వేసి దిగుతా."

తమ్ముడు, చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చినప్పటి గొంతుతో అడిగాడు.

"అక్కా, నేను చెప్పింది నమ్మి వేసేదానివేనా?"

"చీటీ తీసేశాను. చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉందిరా" అంది ఆమె.